ఊరి చుట్టూ తిరిగిన స్వామి

తినే ప్రతి మెతుకూ లారీ ఎక్కి వచ్చిందే అయినా, లారీ కంటపడితే చాలు ముక్కు మూసుకునే చిదంబరరావు అనే పెద్దమనిషి హైదరాబాదు శివార్లలో ఉండేవాడు. భక్తిపరుడే. అడిగినవాళ్ళకు లేదనేవాడు కాదు. లారీ ఒక్కటే ఆయనకు గిట్టేది కాదు.

ఆయన కాలనీని ఆనుకుని తాతలనాటి బయలు ఒకటి ఆయనకే ఉండేది. పగటిపూట పెద్ద లారీలను ఊళ్ళోకి రానివ్వరు కదా, దూరాల నుంచి వచ్చినవన్నీ ఆ బయల్లోనే ఆగేవి. హమాలీలు సరుకు దించి చిన్న ట్రాలీ ఆటోలకు ఎక్కించేవారు. అవి సందుల్లో దూరి బియ్యం, ఉల్లిగడ్డలు, మందులు అన్నీ అంగళ్ళకు చేర్చేవి. దుమ్ము లేచేది, హారన్లు మోగేవి, అబద్ధమెందుకు. చిదంబరరావు ఓర్చుకోలేక బయలు చుట్టూ ప్రహరీ కట్టించి, కారు మాత్రం పట్టేంత గేటు పెట్టించాడు. లోపల పచ్చిక పెంచి క్లబ్బు కట్టాలని ఆయన ఆలోచన.

హమాలీల మేస్త్రీ బుచ్చన్న వచ్చి అడిగాడు. "మేం ఇంకో పని జూసుకుంటం సారూ. మరి లారీలు యాడ ఆగాలె?"

"ఇంత పెద్ద ఊరు. ఎక్కడో ఒకచోట ఆగుతాయిలే," అన్నాడు చిదంబరరావు.

ఆ మాట అందరికీ నచ్చింది కాబోలు, చుట్టుపక్కల ఖాళీ జాగాలున్న వాళ్ళూ అదే అన్నారు. ఒకరు విల్లాలు వేశారు. ఒకరు ఫంక్షన్ హాలు కట్టారు. ఇంకొకరు ఏమీ కట్టకుండానే గోడ లేపి తాళం వేశారు. ఆ 'ఎక్కడో' అనే చోటు మాత్రం చివరికి ఎవరి జాగాలోనూ లేకుండా పోయింది.

ఇంతలో కాలనీలో కట్టిన కొత్త గుడికి లక్ష్మీనరసింహస్వామి విగ్రహం ఆళ్లగడ్డలో సిద్ధమైంది. నిలువెత్తు నల్లరాతి మూర్తి. ప్రతిష్ఠకు ముందు స్వామిని నీళ్ళలో ఉంచాలి, జలాధివాసం అంటారు. స్వామి లారీలో వచ్చే రోజునే పొద్దు గుంకేలోగా నీళ్ళలోకి దిగాలి, తప్పితే ఏడాది దాకా అంతటి ముహూర్తం లేదన్నారు సిద్ధాంతిగారు. చిదంబరరావు తల్లి మాణిక్యాంబగారు పండుటాకు. ఆ ప్రతిష్ఠ కళ్ళారా చూసి వెళ్ళిపోతానని ఆవిడ ఎప్పటి నుంచో అంటోంది. ఏడాది ఆగే ఓపిక ఆవిడకు లేదని కొడుక్కి తెలుసు.

పొద్దున్నే మేళం వచ్చింది. క్రేన్ వచ్చింది. ఆడవాళ్ళు హారతి పళ్ళాలతో నిలబడ్డారు. స్వామి రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక స్వామిని తెస్తున్న లారీ డ్రైవర్ మస్తాన్‌వలి చిదంబరరావుకు ఫోన్ చేశాడు.

"మీ గోపురం కనపడతానే ఉంది సార్. దిగేకి చోటే ల్యాదు."

అంత పొడుగు లారీ కాలనీ సందులో తిరగదు. రోడ్డు మీద ఆపితే పోలీసులు కదలమంటున్నారు. ఏ జాగా ముందు ఆగినా వాచ్‌మన్ కర్ర ఊపుతున్నాడు. రింగురోడ్డు మీద నిలవనివ్వరు. అందుకని మస్తాన్‌వలి తెల్లవారినప్పటి నుంచీ స్వామిని ఎక్కించుకుని ఊరి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

వీడికి దారి తెలియక ఇలా అంటున్నాడని విసుక్కుంటూ చిదంబరరావు కారులో ఎదురెళ్ళి, లారీ నెమ్మదించిన చోట క్యాబిన్‌లోకి ఎక్కాడు.

"చెప్పులు కింద ఇడ్సండి సార్. ఎనక స్వామి ఉండాడు," అన్నాడు మస్తాన్‌వలి. చూస్తే అతని కాళ్ళకూ చెప్పులు లేవు. ఆళ్లగడ్డ నుంచి అలాగే నడుపుకొచ్చాడు.

చిదంబరరావు జాగాలున్న మిత్రులందరికీ ఫోన్లు చేశాడు. గంటసేపు చోటిమ్మన్నాడు. అందరూ స్వామికి నమస్కారాలు చెప్పమన్నారు. చోటు మాత్రం ఎక్కడో ఒకచోట దొరక్కపోదులెండి అన్నారు.

ఆయన ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మొదటిసారి ఆ ఎత్తు నుంచి బయటికి చూశాడు. అమ్మా, ఏం చూశాడనుకున్నారు? ఒక పక్కన మహానగరం, కంటికి ఆనినంత మేర మేడల మీద మేడలు. దాని చుట్టూ కనుచూపు మేర లారీలు. వాటిలో ఏముందని అడిగితే మస్తాన్‌వలి చెప్పుకుంటూ పోయాడు. అది నంద్యాల బియ్యం. అది మదనపల్లె టమాటా. ఆ తెల్లది ఆస్పత్రులకు ఆక్సిజన్. ఆ వెనకది పిల్లల బడిపుస్తకాలు. అన్నీ ఆ ఊరి కోసమే వచ్చాయి. అన్నీ దిగే చోటు కోసం తిరుగుతున్నాయి. కోటిమంది ఆకలి తీర్చే తల్లి చేతుల్లాంటి ఆ లారీలను ఆయన ఇన్నాళ్ళూ దుమ్మనుకున్నాడు.

"గుడి సుట్టూ మనిసి తిరిగేది సూసినాం సార్," అన్నాడు మస్తాన్‌వలి మెల్లగా. "ఊరి సుట్టూ దేవుడు తిరిగేది ఇదే సూడ్డం."

చిదంబరరావు చేతులు జోడించాడు. కళ్ళు తుడుచుకుని బుచ్చన్నకు ఫోన్ చేశాడు. క్షమించమన్నాడు. గోడ పగలగొట్టమన్నాడు.

"ఎంత మేర సారూ?"

"లారీ పట్టే మేర కాదు బుచ్చన్నా. మొత్తం."

బుచ్చన్న మనుషులు గడ్డపారలతో వచ్చారు. కాలనీవాళ్ళూ తలో చెయ్యి వేశారు. ఇటుకల దుమ్ములోంచి లారీ బయల్లోకి వచ్చేసరికి పొద్దు ఇంకా బారెడుంది. క్రేన్ స్వామిని లేపి ట్రాలీ మీద దించింది. హమాలీలు గోవింద కొడుతూ సందులోంచి తోసుకుపోయారు. ఎర్రటి వెలుగు ఇంకా గోపురం మీద ఉండగానే స్వామి నీళ్ళలోకి దిగాడు. మాణిక్యాంబగారు కుర్చీలోంచే దణ్ణం పెట్టింది.

అప్పటికే స్వామి లారీ వెనకాలే వచ్చి బియ్యం లారీ బయల్లో ఆగింది. దాని వెనక టమాటా లారీ. ఎవరూ పొమ్మనలేదు. మాణిక్యాంబగారు తన హారతి పళ్ళెం కోడలి చేతికిచ్చి, ఆ లారీలకూ హారతి ఇచ్చి రమ్మంది.

చిదంబరరావు ఆ బయలును లారీలకే వదిలేశాడు. దుమ్ము ఇప్పటికీ లేస్తుంది. కాలనీలో సణిగేవాళ్ళు సణుగుతూనే ఉన్నారు, అదీ నిజమే. ఆయన మాత్రం పొద్దున్నే వచ్చిన లారీలను చూసి గుడికి మొక్కినట్టే మొక్కుతాడు.

కాబట్టి నాయనలారా, మన నోటికి అన్నం మోసుకొచ్చే పనికి ఎక్కడో కాదు, మన పక్కనే చోటివ్వాలి. అలా చోటివ్వని ఊళ్ళో దేవుడికి కూడా దిగడానికి చోటు దొరకదు.