తువాలు కింద చెయ్యి

మూడు వారాలుగా ఎద్దుల సంతలో ఓబులేసు తువాలు కింద ఎవరూ చెయ్యి పెట్టడం లేదు.

ఆ సంతలో బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి పైన తువాలు కప్పుకుంటారు. వేలికి ఇంతని ముందే అనుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ వందమంది నిలబడినా అది ఆ ఇద్దరికే తెలుస్తుంది.

ఎద్దుల వ్యాపారి ఓబులేసుకు ఆ విద్యలో తిరుగులేదు. ఎదుటివాడి వేళ్లు వణికితే చాలు, వాడి అవసరం ఎంతో పట్టేసేవాడు. ఇక అక్కడినుంచి ఒక్కో వేలే దింపేవాడు. మద్దిలేటి అనే రైతు దగ్గర కోడెల జతను అలాగే సగం ధరకు కొట్టేశాడు. మద్దిలేటి పెళ్లాం ఆసుపత్రిలో ఉందని తర్వాత సంతంతా తెలిసింది. గొప్ప బేరమని ఓబులేసు మీసం తిప్పుకున్నాడేగానీ, ఆనాటి నుంచి రైతులు అతన్ని చూసి పక్కకు తప్పుకుంటున్నారు. అమ్మేవాడు లేడు, కొనేవాడూ లేడు. ఆ కోడెలు కూడా అతని కొట్టంలోనే ఉన్నాయి, మేత తింటూ.

ఊరవతల దర్గాలో ఉండే ఉసేని తాత పదేళ్లుగా అతనికి గురువు. ఓబులేసు వెళ్లేసరికి తాత దొడ్డికి తుమ్మకంప కడుతున్నాడు. ఓబులేసు కూర్చుని గోడు వెళ్లబోసుకున్నాడు. తను దొంగతనం చేయలేదన్నాడు. మద్దిలేటి ఒప్పుకున్నాడు, తను కొన్నాడు, అందులో తప్పేముందన్నాడు. ఎవరో కిట్టనివాళ్లు ఏదో చేయించారు, తాయెత్తు కట్టమన్నాడు.

తాత కంప వదిలి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"తాయెత్తు సంగతి తర్వాత. నా మేకను అమ్ముతా, కొంటావా?"

"నీతో బేరమేంది తాతా?"

"ఏం, నాది చెయ్యి కాదా? కప్పు తువాలు."

ఓబులేసు నవ్వుకుంటూ కప్పాడు. వేలికి వెయ్యి అనుకున్నారు. తాత అయిదు వేళ్లూ పట్టాడు. ఓబులేసు రెండు పట్టాడు. తాత వేళ్లు సన్నగా వణికాయి.

ఆ వణుకు తగలగానే ఎదుట ఉన్నది ఎవరో ఓబులేసు మరిచిపోయాడు. సంతలో పట్టినట్టే గట్టిగా పట్టాడు. తాత నాలుగుకు దిగాడు, మూడుకు దిగాడు. ఓబులేసు ఇంకా బిగించాడు. చివరికి తాత తల ఊపాడు.

"రెండువేలకు మేక నీది. పట్టుకుపో."

ఓబులేసు గర్వంగా తువాలు లాగాడు. తెల్లటి తువాలు మీద నెత్తుటి మరక. తాత చూపుడువేలిలో తుమ్మముల్లు విరిగి, లోతుగా దిగి ఉంది.

ఓబులేసు పిన్నీసు అడిగి తెచ్చుకుని, ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని ముల్లు తీయడానికి కూర్చున్నాడు. చాలాసేపు పట్టింది.

"ముల్లు దిగిందని ఒక్క మాట చెప్పలేదే తాతా."

"వేలు నీ చేతిలోనే ఉంది గదా, నాయనా."

ఓబులేసు మేక వైపు చూడలేదు. తాయెత్తు మాట మళ్లీ ఎత్తలేదు. ఇంటికి పోయి కొట్టంలో కోడెల పలుపులు విప్పాడు. మరక పడిన తువాలు భుజాన వేసుకుని, జతను తోలుకుంటూ మద్దిలేటి ఊరి దారి పట్టాడు.