తాతారావు మోకాళ్ళు చైనా వెళ్ళొచ్చిన కథ

చినలంకలో పిండి మర తాతారావుని ఎవరు పలకరించినా ఒకటే మాట చెప్పేవాడు. "తెలివంటే మా ఇంట్లోదేనండి. పెద్దలు చెప్పింది చెప్పినట్టు చేస్తాం. మధ్యలో మా బుర్ర పెట్టి పాడుచెయ్యం." భార్య అచ్చాయమ్మ అవునవునని తలూపేది. బావమరిది సూరిబాబు మాత్రం ఊపేవాడు కాదు, ఊపమని వాడికి ఎవరూ చెప్పలేదు మరి. బుర్ర పెట్టకపోవడం మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. ముగ్గురి బుర్రలూ వాడకుండా దాచిన ఇత్తడి బిందెల్లా కొత్తగానే ఉన్నాయి.

అలాంటి ఇంటికి ఓ కష్టం వచ్చిపడింది. తాతారావు మోకాళ్ళు పట్టేశాయి. నిలబడగలడు, కుర్చీలో కూర్చోగలడు, కింద బాసింపట్టు వేసుకోవడం మాత్రం వల్లకాదు. అదే సమయానికి కూతురు నాగమల్లికి పెళ్ళి కుదిరింది. పీటల మీద కూర్చుని కన్యాదానం చెయ్యాలి.

"నీకెందుకన్నయ్యా శ్రమ? నేనూ మీ మరదలూ కూర్చుంటాంలే" అన్నాడు తమ్ముడు.

ఆ మాటకి తాతారావు అన్నం ముట్టలేదు. "పిల్ల చెయ్యి నేను పట్టుకుని అప్పగించకపోతే ఇంక నేనెందుకే తండ్రిని?" అని భార్య దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అప్పుడు మరకి వచ్చిన ఓ పెద్దమనిషి చెప్పాడు, చైనాలో కొండ మీద తావో గురువుల ఆశ్రమం ఉందనీ, ఊపిరితో, వ్యాయామంతో, కషాయాలతో ఒళ్ళూ మనసూ కుదుటపరుస్తారనీ. "వాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి సుమా" అన్నాడు. అంతే! అది మనకి పుట్టుకతో వచ్చిన విద్యేనని ముగ్గురూ మూట కట్టేశారు.

విమానాశ్రయంలో మైకులో చెప్పారు, సామాను మీద కన్నేసి ఉంచమని. సూరిబాబు ఆవకాయ పెట్టె మీద కన్నేశాడు. కౌంటరు దగ్గర పెట్టె బెల్టు మీద కూర్చుని లోపలికి పోయింది. ఇంకేముంది, సూరిబాబూ బెల్టెక్కి కూర్చున్నాడు. రబ్బరు తెర వెనక నుంచి "బావా, కనపడుతోంది, కనపడుతోంది!" అని వాడి కేక ఒక్కటే వినపడింది. వాణ్ణి బయటికి లాగేసరికి విమానం తలుపులు మూసేలా ఉన్నారు.

ఆశ్రమంలో తెల్లగడ్డం గురువుగారు, ఆయన పక్కన మెయ్ అనే పిల్లా ఎదురొచ్చారు. ఆ పిల్ల సత్యవేడు దగ్గర ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు పనిచేసి తెలుగు నేర్చింది. గురువుగారు చెప్పింది పొల్లు పోకుండా తెలుగులో చెప్పేది.

"నీళ్ళలా ఉండాలి. నీళ్ళు ఎప్పుడూ పల్లానికే పోతాయి. గొప్ప కోరవు" అన్నారు గురువుగారు మొదటి పాఠంగా.

ఆయన కళ్ళు మూసుకుని తెరిచేలోపు ఎదురుగా శిష్యుల్లేరు. ముగ్గురూ గచ్చు మీద పడుకుని పచ్చిక వాలు మీదుగా కిందికి దొర్లుతున్నారు. అచ్చాయమ్మ దారిలో ఓ కూరగాయల బుట్టని కలుపుకుపోయింది. చివరికి బాతుల చెరువులో తేలారు. బాతులన్నీ గోలగా గట్టెక్కేశాయి.

"గురువుగారండీ, ఇంతకన్నా పల్లం లేదండీ! ఇంకా కావాలంటే తవ్వాలండీ!" అని బురదలోంచి అరిచాడు సూరిబాబు.

గురువుగారు గడ్డం నిమురుకుని, కదలకుండా ఉండే పాఠమైతే నయమనుకున్నారు. "చెట్టులా నిలబడండి. పాదాల్లోంచి వేళ్ళు భూమిలోకి దిగుతున్నాయి" అని చెప్పి ధ్యానానికి వెళ్ళిపోయారు.

తాతారావు చాలాసేపు నిలబడ్డాడు. వేళ్ళు దిగలేదు. "నేల గట్టిగా ఉంది బావా, ఎలా దిగుతాయి?" అని సూరిబాబు గునపం తెచ్చి గొయ్యి తీశాడు. బావని మోకాళ్ళ పైదాకా పాతేశాడు. ఎరువు కావాలి కదా! వంటింటి వెనక కషాయాలు కాచి పారేసిన వేళ్ళూ బెరళ్ళ పిప్పి పొగలు కక్కుతుంటే, తట్టలతో తెచ్చి గోతిలో నింపాడు. అచ్చాయమ్మ చెంబుతో నీళ్ళు పోసి, పిట్టలు వాలకుండా కాపలా కూర్చుంది.

"ఎలా ఉందండీ?"

"వెచ్చగా ఉందే. చిగురేస్తానేమో చూడు."

గురువుగారొచ్చి చూసి తిరిగి ధ్యానానికే వెళ్ళిపోయారు. వద్దనలేదు కాబట్టి రోజూ తాతారావుని అలాగే పాతారు.

ఆఖరికి గురువుగారు అసలు రహస్యం చెప్పారు. "ఏమీ చెయ్యకండి. ఏమీ చెయ్యకపోతే జరగాల్సింది దానంతటదే జరుగుతుంది." ఆ పూట వీళ్ళకి వంటింటి వంతు పడింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ముగ్గురూ బల్ల మీద పద్ధతిగా కూర్చున్నారు. గంజి పొంగింది, ఊరుకున్నారు. అన్నం మాడింది, ఊరుకున్నారు. మసిగుడ్డ అంటుకుంది, దాన్నుంచి పైన గడ్డి కప్పు అంటుకుంది.

"చూశారా, అన్నీ వాటంతటవే జరుగుతున్నాయి!" అంది అచ్చాయమ్మ మురిసిపోతూ.

ఇంతలో గురువుగారు బకెట్టుతో పరుగెత్తుకొచ్చారు. "అయ్యో, పాపం పెద్దాయన తన పాఠం తనే మర్చిపోయారు!" అని తాతారావు, సూరిబాబు ఆయన్ని చెరో రెక్కా గట్టిగా పట్టుకున్నారు.

"పట్టుకోవడం కూడా చెయ్యడమే కదండీ?" అంది అచ్చాయమ్మ. నిజమేనని వదిలేశారు. అప్పటికి కప్పు పూర్తిగా కూలిపోయింది.

ఇంకేముంది, వాళ్ళ మూట బయటికి విసిరేశారు. గేటు దగ్గర తాతారావు దుఃఖంతో గురువుగారి కాళ్ళ మీద పడ్డాడు. పడ్డాక తెలిసింది, మోకాళ్ళు వంగాయి! గబగబా బాసింపట్టు వేసుకున్నాడు. లేచాడు, మళ్ళీ వేసుకున్నాడు. "పిల్ల చెయ్యి నేనే పట్టుకుంటానే!" అని పసివాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు చూసి గురువుగారి కోపం కరిగిపోయింది. "ఇకమీదట కూర్చుంటే కొండలా కూర్చో" అని దీవించారు.

పెళ్ళిలో తాతారావు తమ్ముడి ఎదురుగానే పీట మీద దర్జాగా కూర్చున్నాడు, కొండలా. కూతురి చెయ్యి పట్టుకుని కన్యాదానం చేశాడు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే ఊరంతా కళ్ళు తుడుచుకుంది. తలంబ్రాలయ్యాయి, భోజనాలయ్యాయి. షామియానా వాళ్ళు పందిరి విప్పేశారు. తాతారావు మాత్రం పీట మీదే ఉన్నాడు.

"లేవండి, అప్పగింతలకి వేళయింది" అన్నారు పంతులుగారు.

"అదేంటండీ, కొండ ఎక్కడైనా లేస్తుందా?"

తండ్రి లేనిదే అప్పగింతలేమిటని నాగమల్లి కదల్లేదు. ఎంతైనా ఆ ఇంటి పిల్ల. సూరిబాబు నలుగురిని పిలిచి బావని పీటతో సహా ఎత్తించి, పిల్లని అప్పగించడానికి మగపెళ్ళివారి వ్యానులో పెట్టించాడు. తాతారావు వియ్యంకుడి చేతిలో కూతురి చెయ్యి పెట్టాడు. దించమని ఎవరూ చెప్పలేదు. అచ్చాయమ్మ ఏడుస్తూ చెయ్యూపింది. వ్యాను వెళ్ళిపోయింది.

అత్తవారి గుమ్మంలో కొత్తకోడలికి హారతి పట్టడానికొచ్చిన వియ్యపురాలు పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అన్నయ్యగారూ, తమరెన్నాళ్ళుంటారు?" అంది మెల్లగా.

తాతారావు వీధి అరుగు మీద పీట సర్దించుకుని, కూతురి వంక ఒకసారి తృప్తిగా చూసుకున్నాడు.

"మా గురువుగారు ఆ సంగతి చెప్పలేదండి చెల్లెమ్మగారూ. రేపొకసారి చైనాకి కబురంపి కనుక్కోండి."