నిద్రపండు ఎవరడిగారు?

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో చావుకు కూడా ఒక చట్టం చేశారు. మంచి మనసుతోనే చేశారు. తర్వాత దాన్ని ఎంత పాడుచేశారో చెప్తాను, వినండి పిల్లలూ. మధ్యలో నా గొంతు పెరిగితే బెదరకండి. ఆ కోపం మీ మీద కాదు.

ఆ అడవిలో పైడమ్మ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. అందరికీ ఆకు మందులు, వేరు మందులు ఇచ్చేది ఆమే. నిద్రపండు చెట్టు ఎక్కడుందో కూడా ఆమె ఒక్కదానికే తెలుసు. ఆ పండు తిన్నవాళ్ళు నొప్పి లేకుండా కన్నుమూస్తారు. అందుకే దాన్ని ఎవరికీ ఇవ్వకూడదని కట్టుబాటు ఉండేది.

ఒకసారి కొండచరియ విరిగి దాలయ్య అనే కణితి జింక మీద పడింది. నడుము నుజ్జయింది. పుండ్లలో పురుగులు పడ్డాయి. పైడమ్మ తెలిసిన మందులన్నీ వేసింది. ఏదీ పనిచేయలేదు.

"అత్తా, ఇక నావల్ల కాదు. నిద్రపండు ఇవ్వు," అని దాలయ్య ఏడ్చాడు. మూడు రోజులు అదే మాట అడిగాడు. అతని భార్య చిన్నాలు పక్కనే ఉండి పుండ్లు నాకుతూనే ఉంది.

అడవి అంతా సభ చేరింది. చాలాసేపు వాదించుకుని చట్టం చేశారు. నొప్పి తగ్గే దారి లేనివాళ్ళు, తమ నోటితో తామే మూడు రోజులు అడిగితే, నిద్రపండు ఇవ్వవచ్చు. అడిగిన మాట వినడానికి తవుడు అనే కొండముచ్చును సాక్షిగా పెట్టారు.

దాలయ్య పండు తిని, భార్య మెడ మీద తల ఆనించి నెమ్మదిగా పోయాడు. అది తప్పని నేననను.

తప్పు ఆ మరుసటి ఏడు మొదలైంది. వానలు పడలేదు. దగ్గర వాగులు ఎండిపోయాయి. నీళ్ళకు రెండు కొండలు దాటి వెళ్ళాలి. అప్పుడు అందరి చూపూ నడవలేనివాళ్ళ మీద పడింది.

ఎర్రయ్య అనే ముళ్ళపందికి భార్య చనిపోయింది. తిండి మానేశాడు. "నాకు బతకాలని లేదు," అని రోజూ అనేవాడు.

"ఇది దిగులు," అంది పైడమ్మ. "కొన్నాళ్ళు ఎవరైనా పక్కన కూర్చుంటే తగ్గుతుంది."

"ఎవరు కూర్చుంటారు? మాకు నీళ్ళకు తిరగడమే సరిపోతోంది," అన్నాడు తవుడు. "మనసుది మాత్రం నొప్పి కాదా? మూడు రోజులూ అడిగాడు. నేను విన్నాను. పండు ఇచ్చెయ్."

సభ తల ఊపింది. పైడమ్మ తన చేత్తోనే పండు ఇచ్చింది. ఆ తర్వాత ఒక కుంటి ముంగిసకు ఇచ్చారు. దానికి నొప్పే లేదు, కాలు లేదంతే. ఆ రోజు సభలో ఒక్కరూ వాదించలేదు.

తర్వాత గంగులమ్మ వంతు వచ్చింది. ఆమె ఒక అడవిగేదె. రెండు కళ్ళూ కనిపించవు. మోకాలు వాచింది. మందకు పెద్ద జోగన్న. అతను గంగులమ్మ చెల్లెలి కొడుకు.

"పెద్దమ్మా, నీకెందుకీ యాతన? చట్టం ఉందిగా," అన్నాడు ఒకరోజు.



"నీకోసం ఆగుతుంటే దూడలు దాహంతో అల్లాడుతున్నాయి," అన్నాడు మర్నాడు.

గంగులమ్మ తల దించుకుంది.

మూడో రోజు మంద ఆమెను వదిలేసి నీళ్ళకు వెళ్ళిపోయింది. తిరిగొచ్చాక జోగన్న మళ్ళీ కదిపాడు. "సరే నాయనా, మీ ఇష్టం," అంది ఆమె. అప్పటినుంచి రోజూ అదే మాట అనిపించారు. తవుడు మూడు రోజులు లెక్కపెట్టి పైడమ్మకు కబురు పంపాడు.

పైడమ్మ పండు తెచ్చింది. మంద అంతా నిలబడి ఉంది. ఆమె గంగులమ్మ పక్కన కూర్చుంది.

"నొప్పి ఎక్కడమ్మా?"

"మోకాలు. ఓర్చుకోగలను."

"మరి ఎందుకు పోతానంటున్నావు?"

"నాకు కళ్ళు లేవు గానీ చెవులున్నాయి పైడమ్మా. నా కోసం ఆగినప్పుడల్లా వీళ్ళ నిట్టూర్పులు వినిపిస్తాయి."

"ఇప్పుడు నీకేం కావాలో చెప్పు."

గంగులమ్మ ఎండిన పెదవులు తడుపుకుంది. "నీళ్ళు," అంది. "తాగి మూడు రోజులైంది."

పైడమ్మ లేచింది. చేతిలో పండును బండకేసి కొట్టింది. కొండలు అదిరేలా అరిచింది.

"నీళ్ళు అడిగితే చావు ఇస్తారట్రా!"

"చట్ట ప్రకారమే చేశాం," అన్నాడు జోగన్న. "మూడు రోజులూ అడిగింది."

"అడిగింది ఆమె కాదు, నువ్వు! నడిపించడానికి నీకు ఓపిక లేక, ఆమె నోట ఆ మాట పెట్టావు. తవుడూ, నువ్వు వేళ్ళు మడుస్తూ కూర్చున్నావు. ఆమె గొంతు విన్నావా? నేనూ తక్కువదాన్ని కాదు. ఎర్రయ్యకు కావలసింది ఒక తోడు. నేనిచ్చింది పండు. వాణ్ణి ఇక తిరిగి తేలేను."

"అయితే ఆ చట్టమే తీసేయండి!" అని ఎవరో అరిచారు.

"తీయొద్దు," అంది వెనకనుంచి చిన్నాలు. "నా మొగుడి బాధ మీరు పడలేదు. కానీ దాన్ని మీ బద్ధకానికి వాడితే మాత్రం నేను ఊరుకోను."

ఆ రోజే చట్టం మార్చారు. పండు మాట ముందుగా ఇంకొకరు ఎత్తితే, ఆ అడగడం చెల్లదు. తిండి, నీళ్ళు, మందు, తోడు ఇవన్నీ ఇచ్చి చూడకుండా ఎవరి మాటా సాక్షి వినకూడదు. తవుణ్ణి తీసేసి చిన్నాలును సాక్షిగా పెట్టారు.

జోగన్న గంగులమ్మను భుజం ఆనించి నడిపించాడు. రెండు కొండలు దాటడానికి రోజంతా పట్టింది. ఆమె నీళ్ళలో మూతి పెట్టి చాలాసేపు తాగింది. తర్వాత తలెత్తింది.

"ఇప్పుడు అడుగు జోగన్నా," అంది. "పెద్దమ్మా, చావాలనుందా అని ఇప్పుడు అడుగు."



నీతి: చావు కావాలన్నవాళ్ళ మాట వినే ముందు, బతకడానికి వాళ్ళకు మనం ఏమివ్వలేదో చూసుకోవాలి.