తిరిగొచ్చేదాకా భోజనం

పూర్వం ఒక రేవుపట్నంలో రత్నాకరుడనే వర్తకుడుండేవాడు. దీవులు చూడటానికి విహారనౌక ఎక్కేవాళ్లకి రెండు రకాల అభయం అమ్మేవాడు. చవకదానికి, ఓడ మునిగితే పరిహారం. ఖరీదుదానికి పరిహారంతోపాటు, మనిషి తిరిగొచ్చేదాకా ఇంట్లోవాళ్లకి భోజనం కూడా. కుమ్మరి దాలయ్య చవకది చాలన్నాడు. పెళ్లాం పోలమ్మ పోట్లాడి మరీ ఖరీదుది కొనిపించి ఓడెక్కించింది.

వానాకాలం వచ్చినా ఓడ రాలేదు. విరిగిన చెక్కలు మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పోలమ్మ పరిహారం అడగడానికి వెళ్లింది.

"ఓడ మునిగిందని అందులో వెళ్లినవాడే వచ్చి చెప్పాలి. అంతవరకూ మునగనట్టే," అన్నాడు రత్నాకరుడు మీసం దువ్వుకుంటూ.

"అంటే నా మొగుడింకా దీవులు చూస్తూనే ఉన్నాడా బాబయ్యా?"

"నిక్షేపంగా!"

"అయితే ఇంకా తిరిగి రానట్టేగా. ఆకు వేయించండి," అంటూ పోలమ్మ వసారాలో కూర్చుంది.

మర్నాటినుంచి ఖరీదు అభయం కొన్న ఇళ్లవాళ్లంతా ఆమె వెనకే వచ్చారు. రత్నాకరుడి ఇంట గాడిపొయ్యి ఆరడం లేదు. "నీ మొగుడు క్షేమంగానే ఉన్నాడు," అని రోజూ పళ్లు కొరుకుతూ వడ్డింపించేవాడు. ఆ మాట విని పోలమ్మ రెండు ముద్దలు ఎక్కువ తినేది.

చివరికి ఒకనాడు రత్నాకరుడు తట్టుకోలేకపోయాడు. "మునిగింది! అందరూ పోయారు! పరిహారం పట్టుకుపొండి!" అని అరిచాడు.

అంతా పోలమ్మ తెలివిని మెచ్చుకున్నారు. ఆమె మాత్రం ఆకు ముందునుంచి లేవలేదు. దాలయ్య బతికే ఉన్నాడని ఊరు మొత్తంలో అంటూ వచ్చింది రత్నాకరుడి నోరొక్కటే. దాన్ని తనే మూయించింది.