పొద్దున కొండెక్కి సాయంత్రం దిగే గాలి

ఒకప్పుడు కొండల్లో గాలికి ఒక దారంటూ ఉండేది కాదు. పొద్దున్నే కిందికి దూకేది, మధ్యాహ్నం అడ్డంగా తిరిగేది, బుద్ధి పుడితే నాలుగు వైపుల నుంచీ ఒకేసారి వచ్చేది. నడిచేవాళ్ల తలగుడ్డలన్నీ లోయ పాలే. అదేమని అడిగేవాళ్లు లేరు మరి.

ఆ రోజుల్లో కొండ కింద తేనెపుట్టు అనే ఊళ్లో గురుబారి అనే ముసలమ్మ ఉండేది. కొండ నెత్తిన మబ్బుపాడు. రెండు ఊళ్లలోనూ ఎవరికి కాన్పు వచ్చినా ఆవిడే మంత్రసాని. మోకాళ్లు పాడైపోయాయి గానీ, నోరు మాత్రం చెక్కు చెదరలేదు.

ఒకనాడు తెల్లారేసరికి మబ్బుపాడు నుంచి గాసి పరిగెత్తుకొచ్చాడు.

"మామ్మా, మా ముత్తికి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. నాకు భయంగా ఉంది."

"నువ్వు భయపడితే దానికి నొప్పులు తగ్గుతాయా? ముందు ఇంటికి పో. నిప్పు రాజెయ్యి. తడికల్లో ఎక్కడ సందున్నా గడ్డి కుక్కెయ్యి. బాలింతకీ బిడ్డకీ గాలి తగలకూడదు. నేను వెనకాలే వస్తాను."

గాసి వెళ్లిపోయాడు. గురుబారి ఆముదం బుడ్డి, వెదురు చాకు, పాత చీర ముక్కలు మూటగట్టుకుని, కర్ర పట్టుకుని బయలుదేరింది.

వాగు దాటేదాకా బాగానే ఉంది. వెదురు పొదలు దాటి ఎక్కుడు మొదలయ్యేసరికి గాలి ఎదురొచ్చింది. రెండడుగులు వేస్తే ఒకడుగు వెనక్కి నెట్టేది. కొంగు తీసి మొహానికి చుట్టేసేది. ఆవిడ ఒక రాయి మీద కూలబడింది. చూస్తే బారెడు పొద్దెక్కింది. ఇలా అయితే సాయంత్రానికి గానీ చేరదు. ఈలోగా ఆ పిల్లకి ఏమవుతుందోనని ఆవిడకి బెంగ పట్టుకుంది.

"ఏం నాయనా, నీకు వేరే పని లేదా?" అంది.

"లేదు," అంది గాలి. పాపం, నిజమే చెప్పింది. "అంత తొందరగా ఎక్కడికి మామ్మా?"

"పైన ఒక బిడ్డ పుడుతోంది."

"పుట్టడమంటే?"

నవ్వకండి పిల్లలూ. గాలికి అమ్మా లేదు, అయ్యా లేదు, అది ఎప్పుడూ ఉన్నదే. దానికేం తెలుస్తుంది?

"అప్పటిదాకా లేని మనిషి వస్తాడు. వచ్చి ఏడుస్తాడు," అంది గురుబారి.

"ఏడవడానికి రావడమెందుకు?"

"అది నన్నడక్కు. చూడాలనుంటే వెనక నుంచి నెట్టు. నీకూ చూపిస్తాను."

గాలి గిర్రున తిరిగి ఆవిడ వెనక్కి వెళ్లింది. వీపు మీద చెయ్యేసినట్టు మెత్తగా నెట్టింది. గురుబారి పుట్టి బుద్ధెరిగాక అంత హాయిగా కొండెక్కలేదు. దారి పొడుగునా గాలివి ఒకటే ప్రశ్నలు. బిడ్డ ఎంతుంటుంది? నడుచుకుంటూ వస్తుందా? మనల్ని గుర్తుపడుతుందా? ఆవిడ విసుక్కుంటూనే అన్నిటికీ జవాబు చెప్పింది. మధ్యాహ్నం కాకముందే మబ్బుపాడు చేరారు.

గుమ్మం ముందు ఆవిడ ఆగిపోయింది. తానేం మాటిచ్చిందో అప్పుడు తెలిసొచ్చింది. నలభై ఏళ్లుగా గాలిని బయట ఉంచడమే ఆవిడ పని.

"నువ్విక్కడే ఉండు నాయనా," అని తలుపు వేసేసింది.

"చూపిస్తానన్నావు కదా," అంది గాలి బయట నుంచి.

తప్పు తనదని ఆవిడకి తెలుసు, అయినా తలుపు తియ్యలేదు. గాలి తలుపు కొట్టలేదు, గోల చెయ్యలేదు. అరుగు మీద ముడుచుకుని కూర్చుంది.

లోపల గాసి చెప్పినదానికంటే ఎక్కువే చేశాడు. చీమ దూరే సందు కూడా మిగల్చలేదు. ఇల్లంతా పొగ. కాసేపటికి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. కానీ ఏడవలేదు.

గురుబారి వీపు రుద్దింది, అరికాళ్లు తట్టింది. బిడ్డ ఒళ్లు నీలంగా మారుతోంది.

"నా బిడ్డ ఏడవదేం మామ్మా?" అంది ముత్తి, చిన్న గొంతుతో.

గురుబారి చుట్టూ చూసింది. ఇంట్లో పొగ తప్ప ఇంకేం లేదు. బిడ్డకి కావలసింది అరుగు మీద కూర్చుని ఉంది. కూర్చోబెట్టింది తనే.

తడికలోంచి గుప్పెడు గడ్డి లాగేసింది. "నాయనా, నీకిచ్చిన మాట తప్పాను. కోపం పెట్టుకోకు, లోపలికి రా. కానీ చిన్నగా రా. ఈ బిడ్డ ముక్కులో పట్టేంత చిన్నగా."

అది చెట్లు విరిచే గాలి. చిన్నగా రావడం ఎన్నడూ ఎరగదు. అయినా ఒదిగింది. ఇంకా ఒదిగింది. దారప్పోగంత సన్నమై, ఆ సందులోంచి దూరి, బిడ్డ ముక్కులోకి వెళ్లింది. బిడ్డ ఛాతీ పైకి లేచింది. కేరుమంది.

ముత్తి ఏడ్చింది. గాసి ఏడ్చాడు. గురుబారి అటు తిరిగి మరీ ఏడ్చింది.

"మీరంతా కూడా ఇప్పుడే పుట్టారా?" అని అడిగింది గాలి.

పొద్దు వాలాక గురుబారి కొండ దిగుతుంటే, గాలి పక్కనే వచ్చింది. వెదురు పొదల దగ్గరికొచ్చాక అంది, "మామ్మా, నాలో కొంచెం ఆ పిల్ల దగ్గరే ఉండిపోయింది."

"తెలుసు. ఉండనీ."

"రేపు చూసి రావచ్చా?"

"రోజూ వెళ్లు. వచ్చేటప్పుడు మాత్రం చప్పుడు చెయ్యకు, పిల్ల నిద్రపోతుంటుంది."

అప్పటినుంచే కొండగాలి పొద్దెక్కగానే లోయలోంచి పైకి బయలుదేరుతుంది, పొద్దు వాలాక చల్లగా, నెమ్మదిగా కిందికి దిగుతుంది. పైన పుట్టిన ప్రతి బిడ్డలోనూ తనది కొంచెం ఉంది, రోజుకోసారి చూసుకోకపోతే దానికి తోచదు.