ఎడంచేతి లివరు

ఔనో కాదో తేల్చి చెప్పమని అడిగితే గౌరీశు మేస్త్రి ఏదీ తేల్చేవాడు కాదు. గుడ్డ తీసుకుని చేతికంటిన గ్రీజు నిదానంగా తుడుచుకుంటూ కూర్చునేవాడు. అడిగినవాడికి ఒళ్ళు మండిపోయేది. అనకాపల్లిలో ఆయన దగ్గర మోటారుసైకిళ్ళ పని నేర్చినవాళ్ళలో ఆ మంట ఎరగనివాడు లేడు.

ఆయన శిష్యుడు దాలినాయుడు సొంతంగా షెడ్డు పెట్టుకున్న కొత్తలో, ఒక ఉదయం పరిగెత్తుకొచ్చి గురువును వెంటబెట్టుకుపోయాడు. ఏళ్ళ తరబడి పశువులపాకలో పడున్న మోటారుసైకిలొకటి షెడ్డులో తుప్పుపట్టి నిలబడి ఉంది. దాని పక్కన రిటైరైన డ్రిల్లు మాస్టారు పరదేశిగారు, ఆయన భార్య మహాలక్ష్మమ్మ. గుమ్మం బయట తుక్కు సామాను కొనేవాడి ఆటో. దాన్ని పిలిపించింది ఆవిడే.

"దీన్ని మళ్ళీ నడిచేలా చెయ్యి నాయనా" అన్నారు మాస్టారు.

"నడిపింది చాలు. తూకం వేయించి పంపెయ్యి బాబూ" అంది ఆవిడ.

"మేస్త్రిగారూ, ఒప్పుకోమంటారా, వద్దంటారా?" అని దాలినాయుడు గురువు చెవిలో గొణిగాడు. భయం లేకపోలేదు మరి. ఇదివరకు ఇలాంటి పాతబండినే ఉత్సాహం పట్టలేక ఊడదీసి, తిరిగి బిగించలేకపోయాడు. వీధంతా చూస్తుండగా బండిగలాయన దాన్ని గోనెసంచుల్లో మోసుకుపోయాడు. ఇంకోసారి అలా జరిగితే షెడ్డు మూసుకోవలసిందే. పోనీ చేతకాదందామంటే నోరు రావడం లేదు. అందుకని ఆవిడ పంతమే నెగ్గాలని లోపల్లోపల మొక్కుకుంటున్నాడు.

మేస్త్రి గుడ్డ తీశాడు. "కాస్త పెట్రోలు పోసి, ప్లగ్గు తుడిచి, ఆయన్ని కిక్కు కొట్టమను."

దాలినాయుడు పెట్రోలు పోసి ప్లగ్గు తుడిచాడు గానీ, కిక్కు మాత్రం వద్దనబోయాడు. అలాంటి బండి కిక్కు తేడాగా పడితే ఎదురు తంతుంది, ముసలి కాలు పుటుక్కుమంటుంది. చెప్పేలోపే మాస్టారు కొట్టారు. పెడలు ఎగిరొచ్చి మోకాలి కింద తగిలింది. తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకుని మళ్ళీ కొట్టారు. పంచె మీద నెత్తురు మరక కనబడింది.

"ఆపండి! మంచాన పడితే చేసేదెవరు?" అని మహాలక్ష్మమ్మ అరిచింది. ఆయన వినలేదు, మళ్ళీ కాలెత్తారు. దాలినాయుడు గురువు వైపు చూశాడు. గురువు తల ఎత్తితేగా! ఈయనకు మతి పోయిందా అని శిష్యుడికి కోపం ముంచుకొచ్చింది.

అప్పుడు ఆవిడే విసవిసా వచ్చింది. "మీ ఒక్కరివల్ల ఏనాడైంది గనక!" అంటూ కొంగు దోపుకుని, హ్యాండిలుకు ఎడంవైపున్న చిన్న లివరు నొక్కి పట్టింది. అది నొక్కితే ఇంజిను బిగువు సడలుతుంది. ఆయన కాలి కింద పెడలు మెత్తగా దిగింది. "వదిలేశా. ఊఁ, ఇప్పుడు కొట్టండి."

ఎవరూ చెప్పకుండానే ఆ చెయ్యి సరిగ్గా అక్కడికి పోయింది. మాస్టారు బడికి పోయే రోజుల్లో పొద్దున్నే అది ఆవిడ పనే కాబోలు.

మాస్టారు కొట్టారు. ఇంజిను రెండుసార్లు దగ్గి, ఇంత పొగ కక్కి ఆగిపోయింది. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చెయ్యి మాత్రం లివరు మీదే ఉంది.

"ఆటో అబ్బాయ్, నువ్వెళ్ళు" అంది తల తిప్పకుండానే.

ఆటో వెళ్ళిపోయింది. ఇద్దరూ దాలినాయుడి వైపు తిరిగారు. అతను గురువు వైపు తిరిగాడు. "మేస్త్రిగారూ, మరైతే ఒప్పుకోమంటారా?"

మేస్త్రి గుడ్డ మడిచి బండి సీటు మీద పెట్టాడు.

"నీ బదులు వద్దనడానికి ఆవిడుందని కదరా నీ ధీమా! ఆవిడ తప్పుకుంది. ఇక ఔనో కాదో నువ్వే అను."