మెత్తమ్మ పేరు కాజేసిన పునుగుపిల్లి

అనగనగా ఒక అడవి. ఆ అడవి పక్క కొండ మీద సెల్‌ఫోను టవరు ఉండేది. టవరు ఉంటే ఇంకేం, చీమ దగ్గర్నుంచి ఏనుగు దాకా అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఏనుగుకి చెయ్యెక్కడిది అంటారా? తొండంతో పట్టుకునేది!

ఆ అడవిలో ఒక పెద్ద బూరుగుచెట్టు. పైకొమ్మ మీద మెత్తమ్మ అనే ఉడుత ఇల్లు. కింద తొర్రలో సుగంధయ్య అనే పునుగుపిల్లి ఇల్లు.

మెత్తమ్మ దిండ్లు కుట్టేది. బూరుగు కాయలు పగలగానే దూది తీసి, గింజలు ఏరి, ఎండబెట్టి, ఎవరి తలకి తగ్గ దిండు వాళ్లకి కుట్టేది. కుందేలుకి చెవులు నలగని దిండు. కొంగ మెడ మడిచి పడుకుంటుంది కదా, దానికి మడత దిండు. కావలసినవాళ్లు ఫోనులో 'మెత్తమ్మ డాట్ అడవి' అని కొడితే చాలు, ఆవిడ దుకాణం తెరుచుకునేది. దిండు తయారవగానే గోరింక తీసుకెళ్లి ఇంటి దగ్గర ఇచ్చి వచ్చేది. దిండు అందినవాళ్లు సీతాఫలాలో, నేరేడుపళ్లో పంపేవాళ్లు.

ఆ పళ్ల బుట్టలు చూసి సుగంధయ్యకి నోరూరేది. అతనికి పనీ పాటా లేదు. తినడం, పడుకోవడం, లేచి పక్కింటికేం వచ్చిందో చూడడం.

"ఈ ఉడుత చేసేదేముంది? సంచిలో దూది కూరడమేగా! అంతా ఆ పేరు మహిమ. ఆ పేరే నాకుంటేనా, పళ్ల బుట్టలన్నీ నా తొర్ర ముందే దిగేవి" అనుకునేవాడు.

ఆ అడవిలో ఫోను పేర్లకి ఒక పద్ధతి ఉంది. ఏడాదికోసారి కచేరీకి వెళ్లి "ఈ పేరు నాదే" అని మళ్లీ రాయించుకోవాలి. మరిచిపోతే ఆ పేరు ఎవరైనా తీసుకోవచ్చు. ఆ ఏడు కాయలు విరగకాశాయి. మెత్తమ్మకి ముక్కు మీద దూది, మీసాల మీద దూది. గడువు దగ్గర పడిందని ఫోను మోగి మోగి దూది కుప్ప కిందే ఊరుకుంది. మోగడం సుగంధయ్యకి వినపడింది. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. గడువు దాటిన రోజు పొద్దున్నే తోక దులుపుకుని కచేరీకి బయల్దేరాడు.

కచేరీలో గుమాస్తా ఒక తొండ.

"మెత్తమ్మ డాట్ అడవి ఖాళీయేనా అండీ?" అని అడిగాడు సుగంధయ్య.

తొండ తల ఊపింది.

"నేను తీసుకోవచ్చా?"

తొండ తల ఊపింది.

"ఇక మీదట అడవిలో మెత్తమ్మ అంటే నేనే కదా?"

తొండ మళ్లీ తల ఊపింది. పాపం, దానికి తల ఊపడం తప్ప వేరే తెలియదు. ఆ సంగతి సుగంధయ్యకీ తెలుసు. అయినా అతనికి కావలసింది ఆ ఊపుడే.

ఇంటికొచ్చి ఫోను దుకాణంలో ఉడుత బొమ్మ తీసేసి తన బొమ్మ పెట్టాడు. మీసాలు దువ్వుకుని మరీ తీయించుకున్న బొమ్మ.

మెత్తమ్మ చెట్టు దిగి పరుగున వచ్చింది.

"ఇదేం అన్యాయం సుగంధయ్యా? అది మా అమ్మ పెట్టిన పేరు!"

"పెట్టింది మీ అమ్మ. రాయించుకుంది నేను" అన్నాడు సుగంధయ్య, కాలు మీద కాలు వేసుకుని. "అయినా కోపమెందుకు? నువ్వు కుట్టు, నేను అమ్ముతా. పళ్లు నాకు, తొక్కలు నీకు."

మెత్తమ్మ తోక నిక్కబొడుచుకుంది. "నా చేత్తో కుట్టింది నీ పేరున పోనివ్వను. పేరు తీసుకున్నావుగా, పిలిస్తే పలుకు మరి!" అని చెప్పి, నేరుగా అడవిదున్న దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేసింది.

అడవిలో తగవులు తీర్చేది దున్నపెద్దే. ఆయన అంతా విని, "నెమరేసి చెబుతానమ్మా" అన్నాడు. నెమరు వెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన నెమరు ఎప్పటికి అయ్యేను!

ఈలోగా సుగంధయ్య దుకాణానికి మొదటి బేరం వచ్చింది. ముళ్లపంది అత్త ఫోను చేసింది.

"మెత్తమ్మా, మా ఇంటిల్లిపాదికీ దిండ్లు కావాలమ్మా. మా సంగతి నీకు తెలుసుగా!"

"తెలుసు తెలుసు" అన్నాడు సుగంధయ్య, గొంతు సన్నగా చేసి. ఏం తెలుసో అతనికే తెలియదు. గడ్డి సంచులు తెచ్చి, ఎండుటాకులు కూరి, మూతి కట్టి పంపేశాడు. తెల్లారేసరికి ఆ సంచులన్నీ ముళ్లకి చిరిగి పీలికలయ్యాయి. ఇంటిల్లిపాది ముళ్లకీ ఆకులే. నీళ్లకని బయటికొస్తే, నడిచే పొదలనుకుని జింకలు వెంటపడి కొరికాయి.

"మెత్తమ్మా! మా పిల్లాడి వీపు జింక నమిలిందే!" అని ఫోనులో అత్త ఒకటే కేకలు.

సుగంధయ్య ఫోను పెట్టేశాడు. "మొదటిసారి కదా, అలాగే ఉంటుంది" అనుకుని, సంచులు అందగానే వచ్చిన నేరేడుపళ్లు తినేశాడు.

రెండో బేరం కొండచిలువ తాతది.

"మెత్తమ్మా, మెడ కింద పెట్టుకోవడానికి దిండు కావాలి."

సుగంధయ్య బుర్ర గోక్కున్నాడు. కొండచిలువకి మెడ ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ అయిపోతుంది? తోచక పొడుగాటి సంచి ఒకటి కుట్టాడు. ఎండుటాకులు కూడా మిగల్లేదు. తన తొర్రలో పరుచుకున్న పాత గడ్డే దులిపి కూరాడు. ఆ గడ్డి నిండా పునుగు వాసన.

తాత దాని మీద తల పెట్టి నిద్రపోయాడు. నిద్రలో ముక్కుకి పునుగుపిల్లి వాసన తగిలింది. కళ్లు తెరవకుండానే దిండును గుటుక్కున మింగేశాడు.

మర్నాడు తాత పొట్ట మధ్యలో పెద్ద బుడిపె. ముందుకి పాకలేడు, వెనక్కి జరగలేడు. "మెత్తమ్మ దిండు కాదర్రా, కడుపులో బండ" అని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పాడు. ఆ మాట అడవంతా పాకింది. ఎవరైనా మోసం చేస్తే "మెత్తమ్మ దిండు ఇచ్చాడు" అనడం మొదలుపెట్టారు.

ఒకరోజు సుగంధయ్య తొర్రలోంచి తల బయటపెట్టి చూస్తే, పైకొమ్మ మీద అసలు మెత్తమ్మ కూర్చుని ఉంది. కిందనుంచి పోతున్న కోతిపిల్లలు "దొంగ దిండ్ల మెత్తమ్మా!" అని అరుస్తున్నాయి. ఆవిడ తోకలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. అది చూసి సుగంధయ్య మొదటిసారి నోటిదాకా వచ్చిన నేరేడుపండు కింద పెట్టేశాడు. పోయి ఏదో చెబుదామనుకున్నాడు. ఇంతలో ఫోను మోగింది.

అది ఏనుగు మావ. "మెత్తమ్మా, నాకొక దిండు. నా తలకి తగ్గది!"

ఏనుగు తలకి తగ్గ దిండంటే ఎంతుండాలి! కూరడానికి ఏమీ దొరక్క, మామిడిచెట్టు మీద ఆకులు గుత్తులు గుత్తులుగా అతుక్కుని కనిపిస్తే కళ్లు మూసుకుని తెంపి కూరేశాడు. అవి ఎర్రచీమల గూళ్లని కూరుతున్నప్పుడే తెలిసింది. వేళ్లన్నీ కుట్టాయి. కానీ అప్పటికే మావ ముందుగా పంపిన పనసపండు సగం తినేశాడు. సంచి మూతి గట్టిగా బిగించి పంపించాడు.

ఆ తర్వాత ఏమైందో వేరే చెప్పాలా? మావ మధ్యాహ్నం కునుకు తీశాడు. చీమలన్నీ తొండంలోకి నడిచాయి. మావ తుమ్మిన తుమ్ముకి ఎదురుగా ఉన్న వెదురుపొద ఒరిగిపోయింది. రెండో తుమ్ముకి నీటికోళ్లు చెరువులోంచి ఎగిరి అవతలి గట్టున పడ్డాయి.

"ఎక్కడ ఆ మెత్తమ్మ?" అని మావ నేల అదిరేలా బయల్దేరాడు.

మావ బూరుగుచెట్టు కిందికి రాగానే సుగంధయ్య తొర్రలోంచి తల బయటపెట్టాడు. "మెత్తమ్మ పైకొమ్మ మీద ఉంటుంది మావా!" అని వేలు చూపించాడు.

మావ ఫోను తీసి చూశాడు. పైకి చూశాడు. కిందకి చూశాడు. "మరి ఫోనులో నీ మూతే ఉందేం? దువ్విన మీసాలతో సహా!"

ఇక సుగంధయ్య పరుగో పరుగు! వెనకాల ఏనుగు మావ, ఆ వెనక ఆకుల పొదల్లా ముళ్లపందులు. పరుగెత్తి పరుగెత్తి దున్నపెద్ద కాళ్ల దగ్గర పడ్డాడు.

"పెద్దయ్యా, నేను మెత్తమ్మని కాను! ఈ పేరు నాకొద్దు! ఎవరిది వాళ్లకి ఇప్పించండి!"

దున్నపెద్ద నెమరు ఆపి మెత్తమ్మని పిలిపించాడు. "నీ పేరు నీకిచ్చేస్తాడట. తీసుకో అమ్మా" అన్నాడు.

"నాకొద్దు పెద్దయ్యా" అంది మెత్తమ్మ. "నా దగ్గర్నుంచి తీసుకున్నప్పుడు అది పేరు. ఇప్పుడది తిట్టు. తిట్టుని పట్టుకెళ్లి నేనేం చేసుకోను?"

"నాకొద్దు!" అన్నాడు సుగంధయ్య. "నాకూ వద్దు!" అంది మెత్తమ్మ. పేరు కోసం కొట్టుకున్నవాళ్లని దున్నపెద్ద చాలామందిని చూశాడు. వద్దని కొట్టుకునేవాళ్లని చూడడం అదే మొదలు.

"ఏమయ్యా గుమాస్తా, ఈ పేరు ఎవరిది?" అని కచేరీ నుంచి పిలిపించిన తొండని అడిగాడు.

తొండ తల ఊపింది.

"సరిపోయింది!" అన్నాడు దున్నపెద్ద. "ఇలా రండి ఇద్దరూ. పేరు మెత్తమ్మది. దానికంటిన మసి సుగంధయ్యది. సుగంధయ్యా, ముందు ఇంటింటికీ వెళ్లి, చేసింది నేనని నీ సొంత పేరు చెప్పుకో. చెడిపోయిన ప్రతి దిండుకీ బదులు మంచి దిండు నీ చేత్తో కుట్టివ్వు. ఎలా కుట్టాలో, ఆవిడ ఒప్పుకుంటే, ఆవిడ దగ్గరే నేర్చుకో."

మెత్తమ్మ సుగంధయ్యని ఎగాదిగా చూసింది. చివరికి, "దూదిలో గింజ ఒక్కటి మిగిలినా మళ్లీ మొదటినుంచి ఏరిస్తాను. ఇష్టమేనా?" అంది.

"ఇష్టమే" అన్నాడు సుగంధయ్య. ఏనుగు మావ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు మరి.

ముందు కొండచిలువ తాత దగ్గరికి వెళ్లాడు. "దిండు కుట్టింది మెత్తమ్మ కాదు తాతా, నేను, సుగంధయ్యని." దిండు దారం కొస తాత నోట్లోంచి వేలాడుతోంది. సుగంధయ్య చెయ్యి చాచి దూరం నుంచే దాన్ని పట్టుకుని లాగాడు.

"భయపడకు, నోరు మూయనులే" అన్నాడు తాత, నోరు తెరిచే ఉంచి. "అయితే ఆ వాసన మాత్రం కమ్మగానే ఉందోయ్!"

ఆ మాటతో సుగంధయ్య ఎంత గట్టిగా లాగాడంటే, దిండుతో పాటు ఎగిరి తుప్పల్లో పడ్డాడు.

ఇంటింటికీ తిరిగేసరికి అతనికి తల కొట్టేసినట్టయింది. మెత్తమ్మ పేరు మాత్రం మళ్లీ శుభ్రపడింది. ఆ తర్వాత మొదలైంది అసలు చాకిరీ. గింజలు ఏరితే వేళ్లు వాచాయి. దూది ముక్కులోకి పోయి తుమ్ములు. కుట్టింది విప్పడం, విప్పింది కుట్టడం. ముళ్లపందుల దిండుకి బయట నారతో పొరలు పొరలుగా దట్టంగా అల్లాలని, అప్పుడే ముల్లు దూదిదాకా దిగదని మెత్తమ్మ చూపించింది. అది చూసి, "సంచిలో కూరడమేగా అనుకున్నాను" అని సుగంధయ్య తలవంచుకుని గొణిగాడు. మెత్తమ్మ నవ్వింది.

ఆఖరి దిండ్లు అందిన మర్నాడు ముళ్లపంది అత్త బూరుగుచెట్టు కిందికి వచ్చింది. సుగంధయ్య గబుక్కున తొర్రలోకి దూరాడు.

"ఒరే సుగంధయ్యా, బయటికి రారా!" అని పిలిచింది అత్త. "మా పిల్లాడు పొద్దెక్కినా లేవలేదు. అంత హాయిగా పడుకున్నాడు. ఈ సీతాఫలాలు నీకే. మళ్లీ మా చెల్లెలి ఇంటికీ దిండ్లు నువ్వే కుట్టాలి."

సుగంధయ్య మెల్లగా బయటికొచ్చాడు. ఎంత తిండిపోతైనా ఆ పళ్ల వైపు చూడనే లేదు. "అత్తా, నన్ను ఏమని పిలిచావు? ఇంకొక్కసారి పిలువు" అన్నాడు.

నీతి: ఒకరి పేరు కాజేయగలమేమో గానీ, ఆ పేరు తెచ్చిన పనితనాన్ని కాజేయలేం, అది నేర్చుకుని సంపాదించుకోవలసిందే.